నల్లని ముఖంలో నీలి కన్ను

2023 వేసవి, పంజాగుట్టలో మా క్లినిక్. నేను ఆక్యులరిస్ట్‌ని, అంటే కన్ను పోయినవాళ్లకు కృత్రిమ కన్ను తయారుచేసేదాన్ని. మిగిలిన కంటిని చూస్తూ యాక్రిలిక్ బిళ్ల మీద ఐరిస్‌ని, అంటే కంటిపాప చుట్టూ ఉండే రంగు వలయాన్ని, చేత్తో గీస్తాను. మన దగ్గర దాదాపు అందరివీ గోధుమ, నలుపు కళ్లే. చెయ్యి దానంతటదే ఆ రంగుల వైపు పోతుంది.

నస్రీన్ ఖైరతాబాద్ నుంచి వచ్చింది. అమీర్‌పేటలో పోటీ పరీక్షల కోచింగ్ సెంటర్‌లో ఆదిమానవుల చరిత్ర చెబుతుంది. ఆటో ప్రమాదంలో కుడికన్ను పోయింది. మంచి నలుపు మనిషి, మిగిలిన కన్నేమో నీలం. అంత నీలం నేనెప్పుడూ గీయలేదు. కొత్త బ్యాచ్ మొదలయ్యేలోపు కావాలంది. రెండు కళ్లూ కలవకపోతే పిల్లల ముందు నిలబడలేనని, పాఠాలు మానేస్తానని తేల్చి చెప్పింది.

రెండుసార్లు గీశాను. రెండూ బొమ్మ కళ్లలా వచ్చాయి. పెట్టుకొచ్చిన నల్లద్దాలు తీస్తుంది గానీ, కదలొద్దని చెప్పి నేను దగ్గరికి వెళ్లగానే తల దించేస్తుంది. కన్ను చికిలించి నీళ్లు పెట్టుకుంటుంది. కిటికీ దగ్గరికి రమ్మంటే రాదు. నాకూ విసుగొచ్చింది. టీ తెప్పించి, ఈ ఛాయకి ఈ కన్ను ఎలా వచ్చిందని ఊరికే అడిగాను.

అంతే, టీచరమ్మ లేచి నిలబడింది.

"వేల ఏండ్ల కింద యూరప్‌ల వేటాడి బతికెటోళ్లు మస్తు నల్లగుంటుండిరి మేడమ్. కండ్లేమో నీలం. పాత బొక్కల డీఎన్‌ఏ చూసి చెప్తున్నరు."

తర్వాత తూర్పు నుంచి సేద్యం తెలిసినవాళ్లు వచ్చారట. వాళ్ల ఛాయ తెలుపు, కళ్లు గోధుమ. ఆ వెనక గడ్డిమైదానాల నుంచి పశువుల కాపరులు. ఇలా వచ్చినవాళ్లంతా కలిసిపోయాకే అక్కడ ఇప్పటి ముఖాలు తయారయ్యాయట.

"నా కండ్లు వాళ్లయే అంటలేను. ఒంటి రంగు, కంటి రంగు జోడీగనే రావాలని లేదు, గంతే."

చెబుతూ చెబుతూ తనే కిటికీ దగ్గరికెళ్లి అద్దం మీద వేలితో ఆ వలస దారులు గీస్తోంది. ఎండ నేరుగా ముఖం మీద పడుతోంది, కన్ను పూర్తిగా తెరుచుకుంది. అంచున ముదురు బూడిద రంగు, పాప చుట్టూ సన్నని పసుపు గీత అప్పుడు కనిపించాయి నాకు. ఆమె మాటకి అడ్డు రాకుండా బ్రష్ అందుకున్నాను.

ఆ వారంలోనే కన్ను అమర్చాను. అద్దంలో చాలాసేపు చూసుకుని, "నాదే" అంది.

బ్యాచ్ మొదలైన రోజు సాయంత్రం ఫోన్ చేసింది. నవ్వు ఆపుకోలేకపోతోంది.

"ఒక పిల్ల వచ్చి, మేడమ్ గీ లెన్సులు ఏడ కొన్నరని అడిగింది. రెండు కండ్లకు సుత లెన్సులే అనుకున్నది."

అప్పటినుంచి ఎవరినీ కుర్చీలో కూర్చోబెట్టి కదలొద్దనను. ముందు వాళ్ల పని గురించి అడుగుతాను. బ్రష్ ఆ తర్వాతే.