వెనక వైపు చూసే మనిషి

నాకు ఎక్కువ చేసి చెప్పే జబ్బుంది. ముందే ఒప్పుకుంటున్నాను, సగం తగ్గించుకుని చదవండి.

రెండు వేల ఆరులో బహ్రెయిన్‌లో, హూరాలోని మా గదిలో ఒక కరీంనగర్ డ్రైవరు ఉండేవాడు. డ్యూటీ దిగగానే, నూరేళ్ల నాటి ఒక జర్మన్ ఫొటో పోస్టుకార్డుల కంపెనీ చరిత్ర వెతుకుతూ కూర్చునేవాడు. అది ఏ వీధిలో మొదలైందో జర్మనీ వాళ్లకే తెలియదట. ఆయన ఉత్తరం రాయని మ్యూజియం ఆ దేశంలో మిగల్లేదు. కార్డు చేతికిస్తే బొమ్మ చూడకుండానే తిరగేసేవాడు.

"బొమ్మల ఏమున్నదన్నా? కంపెనీ అడ్రసు ఎన్క ఉంటది" అనేవాడు, పళ్లెమంత భూతద్దం తీస్తూ.

ఒకసారి పాత సామాన్ల కొట్లో ఆ కంపెనీదే పడవ బొమ్మ కార్డొకటి దొరికింది. వెనక, అంతవరకూ ఎక్కడా కనబడని పాత అడ్రసు సగం చెరిగిపోయి ఉంది.

"ఇది సదివితే కంపెనీ పుట్టిన ఇల్లు దొరికినట్టే. శుక్రారం సెలవు, ఎల్తురుల సూస్త" అని దాచుకున్నాడు.

ఆయన్ని సంతోషపెడదామని నేను గురువారమే చెప్పకుండా దాన్ని తీసుకెళ్లి ఫ్రేము కట్టించాను. ఫ్రేముల కొట్టువాడు కార్డును అట్టకు అంటించేశాడు, ఓడలకు వాడేంత బంకతో.

ఆయన ఫ్రేము అందుకుని అలవాటుగా తిరగేశాడు. అట్ట కనబడింది. ఊడదీసి గోటితో అంచు లేపితే కాగితం పొరలుగా చిరిగింది. చెయ్యి ఆపేశాడు. కార్డును ఇటు తిప్పి చాలాసేపు చూశాడు.

"పడవ మంచిగున్నదన్నా. నేను బొమ్మ సూసుడు ఇదే మొదలు" అని నవ్వాడు.

ఇందులో నేను పూర్తిగా కల్పించింది ఆ నవ్వొక్కటే.