మరచెంబు నర్సమ్మ

మణెమ్మ పోయిన పదకొండో రోజున చోడవరం చర్చిలో జ్ఞాపక కూడిక పెట్టారు. ఆ సంఘంలో ఒక పద్ధతి ఉంది. పాటలూ ప్రార్థనా అయ్యాక, పోయినవాళ్ళ జీవిత చరిత్ర ఇంట్లోవాళ్ళెవరైనా రాసుకొచ్చి అందరిముందూ చదవాలి. పుట్టుక, బాప్తిస్మం, పెళ్ళి, పిల్లలు, చేసిన ఉద్యోగం. ఆ కాగితాల్నిబట్టి చూస్తే ఆ సంఘంలో ఇంతవరకూ ఒక్క చెడ్డమనిషీ చనిపోలేదు.

ఈసారి రాసిందీ, చదవాల్సిందీ మనవరాలు గ్లోరియా. అనకాపల్లిలో స్టాఫ్ నర్సు. కూడిక ఇంకా గంట ఉందనగా ఆమె పెదనాన్న శ్యామ్ సుందర్ ఆ కాగితం అడిగి తీసుకున్నాడు. రిటైరైన హెడ్మాస్టరు కదా, జేబులో ఎర్ర పెన్ను ఉండనే ఉంటుంది. మూడో పేరాని అడ్డంగా కొట్టేశాడు.

"ముప్పై నాలుగేళ్ళు సర్వీసు చేసింది మా అమ్మ. రావికమతం నుంచి సీడికాడ దాకా ఎంతమంది ఆవిడ సేతిమీద పుట్టేరో లెక్క లేదు. ఆఖరికి నలుగురిముందూ ఆవిడ తప్పు సదువుతావా?"

"మామ్మే సదవమంది పెదనాన్నా. మాటిచ్చేను."

"మంచాన పడ్డ మనిషి సవాలక్ష అంటాది. మంగాయమ్మ కూడా వస్తందంట. కన్నతల్లి ఎలా పోయిందో ఆవిడికి మన నోటితో సెప్పాలేటి?"

గ్లోరియా కాగితం వెనక్కి తీసుకుంది. భయం లేక కాదు. మంగాయమ్మకి ఆ సంగతి తెలుసో తెలియదో మామ్మ చెప్పనే లేదు. తెలియకపోతే అరవయ్యేళ్ళ మనిషి గుండె పగలగొట్టినట్టే. అలాగని చదవకపోతే, రెండు చేతులూ పట్టుకుని మామ్మ తీసుకున్న మాట గాలికి పోయినట్టే.

జరిగింది ఇదీ. మణెమ్మ నర్సుగా చేరిన రెండో ఏడు. పాతికేళ్ళ పిల్ల, ఊరికి కొత్త. రావికమతం దగ్గర ఒక రైతుల ఇంట్లో పరదేశమ్మ అనే ఆమెకి పురుడు పోసింది. ఆడపిల్ల పుట్టింది, ఆ పిల్లే మంగాయమ్మ. మూడో రోజు సాయంత్రం చూడ్డానికి వెళ్ళేసరికి తల్లికి జ్వరం, పెదాలు పిడచకట్టుకుపోయి ఉన్నాయి. "నర్సమ్మా, కాసిన్ని నీళ్ళు ఇప్పించవా" అని అడిగింది. అత్తగారు వీల్లేదంది. పత్యం రోజులు, బాలింత నీళ్ళు తాగితే ఒళ్ళు నీరుపడుతుందని ఆ రోజుల్లో ఇంటింటా అదే మాట. గొడవపడితే రేపణ్ణించి ఈ ఊళ్ళో గడప తొక్కనివ్వరని మణెమ్మ భయపడింది. పొద్దున్నే వస్తానని సంచీ సర్దుకుని వచ్చేసింది. పొద్దున్న వెళ్ళేసరికి ఆ ఇంటిముందు జనం.

"నీళ్ళిస్తే బతికేదో లేదో ఏ డాక్టరూ సెప్పలేదే. జొరం సూసీ ఆస్పత్రికి పంపలేదు. అడిగింది, విన్నాను, లేచొచ్చేసేను. అదీ నా తప్పు" అనేది మణెమ్మ.

ఆ నెల జీతంలో ఒక ఇత్తడి మరచెంబు కొంది. దాన్నిండా కాచి చల్లార్చిన నీళ్ళు పోసి, మూత బిగించి, ఎక్కడికి వెళ్ళినా చంకన పెట్టుకుపోయేది. పురిటింటికి వెళ్తే నేరుగా గడపమీద కూర్చునేది. గడపమీద కూర్చోవడం ఇంటికి మంచిది కాదని ఎవరికి తెలియదు? ఆమెకీ తెలుసు. అందుకే అక్కడ కూర్చునేది.

"లేమ్మా తల్లీ, ఇంటికి అరిష్టం" అని అత్తగార్లు మొత్తుకునేవారు.

"మీ కోడలు ఈ గ్లాసుడు తాగితే లేస్తాను. లేదంటే ఈ పూటకి నా బోజనం కూడా ఇక్కడే."

ఉడుంపట్టు. చీడికాడలో ఒక ఇంట్లో వాన కురుస్తున్నా మధ్యాహ్నందాకా కదల్లేదట. చివరికి ఆ ఇంటాయనే విసిగిపోయి పెళ్ళానికి గ్లాసు అందించాడు. తిట్టినవాళ్ళే తర్వాత మరచెంబు నర్సమ్మని పిలవమని కబురు పంపేవారు. ఫ్యాక్టరీలో చెరుకు కాటా దగ్గర పనిచేసే ఆమె మొగుడు ఇంట్లో వంటచేసి పిల్లలకి పెట్టేవాడు. నవ్వినవాళ్ళు నవ్వారు, అన్నం మాత్రం వేళకి ఉడికింది. రిటైరయ్యాక కూడా ఆ చెంబు అటకెక్కలేదు. ఎనభై దాటాక గ్లోరియా డ్యూటీ దిగి వస్తే ఒకటే ప్రశ్న: "మీ వార్డులో బాలింతలు నీళ్ళు తాగుతన్నారేటే?"

కూడిక మొదలైంది. ముందు బల్లమీద మణెమ్మ ఫోటో, పక్కన ఆ మరచెంబు, ఒక గ్లాసు. పొద్దున్నే గ్లోరియా అలవాటుకొద్దీ చెంబు నింపి పెట్టింది. రావికమతం ఆటో ఆలస్యమై మంగాయమ్మ చివర్లో వచ్చి, ఆడవాళ్ళ వైపు మూడో వరసలో కూర్చుంది.

గ్లోరియా చదవసాగింది. పుట్టుక అయింది, పెళ్ళి అయింది. ఎర్ర గీత దగ్గరకి వచ్చింది. శ్యామ్ సుందర్ తల అడ్డంగా ఊపాడు. మామ్మయితే గడపమీదనుంచి లేచేదా? ఆమె ఎర్ర గీత కింది అక్షరాలు చదవడం మొదలుపెట్టింది. జ్వరం, పెదాలు, అడిగిన నీళ్ళు, సర్దుకున్న సంచీ. "ఆ తల్లి పేరు..." అని మంగాయమ్మ ముఖం చూసింది. అక్కడే ఆగిపోయింది.

మంగాయమ్మ లేచి నిలబడింది.

"ఆపేసేవేటమ్మా? నాకు తెలుసు. నా పెళ్ళికి నెల ముందు మీ మామ్మ మా ఇంటికొచ్చి, మా అయ్య ముందే సెప్పింది. ఏడాది పాటు ఆవిడి మొకం సూడలేదు నాను. తర్వాత నా ముగ్గురి పురుళ్ళకీ ఆవిడినే పిలిసేను. నీళ్ళు తాగించందే లేవదని తెలుసు కదా. మా అమ్మ పేరు మా ఇంట్లో కూడా ఎవులూ అనరు. ఏటా వచ్చి తలిసింది ఆవిడొక్కర్తే. సదువు. గట్టిగా సదువు."

"పరదేశమ్మ" అని చదివింది గ్లోరియా, వెనక గుమ్మందాకా వినపడేలా.

మంగాయమ్మ అలా నిలబడే ఏడ్చింది. శ్యామ్ సుందర్ లేచాడు. బల్ల దగ్గరికి వెళ్ళి, మరచెంబు మూత తిప్పి, గ్లాసులో నీళ్ళు పోసి తీసుకెళ్ళి ఆమె చేతికిచ్చాడు. ఆమె తాగేదాకా అక్కడే నిలబడ్డాడు.