మూడు రాళ్ల పొయ్యి

గుడారం అనేది మా ఇంట్లో సరదా వస్తువు కావడానికి మూడు తరాలు పట్టింది. మా తాత ఆర్మూర్‌లో పసుపు కమీషన్ వ్యాపారం చేసేవాడు. ఆయన కాలంలో రైతులు బండ్ల మీద పసుపు తెచ్చుకుని, అమ్ముడుపోయేదాకా రాశి పక్కనే పడుకునేవారట. కింద గోనెసంచి, పైన తాడిపత్రి పట్టా, ఒక కందీలు దీపం, మూడు రాళ్ల పొయ్యి. అదే వాళ్ల సామాను. దాన్ని ఎవరూ సరదా అనలేదు. మా నాన్న చిన్నప్పుడు బడిలో స్కౌట్ కాబట్టి ఆయనకు ఖాకీ కాన్వాసు డేరా తెలుసు. వానకు తడిసిందంటే నలుగురు పట్టినా లేచేది కాదని చెప్పేవాడు. మా ఆయన దాకా వచ్చేసరికి అది ఫోన్లో ఆర్డరిస్తే ఇంటికి వచ్చే నారింజ రంగు సంచి అయింది. విసిరితే దానంతటదే విచ్చుకుంటుంది. తిరిగి మడవడం మాత్రం ఇప్పటికీ మా ఇద్దరిలో ఎవరికీ చేతకాదు.

గుడారం వెనకాలే మడత కుర్చీలు, అరచేతిలో పట్టే గ్యాసు పొయ్యి, ఛార్జింగ్ లాంతరు, గాలి నింపే దిండ్లు కూడా వచ్చాయి. మెత్తటి పరుపు మీదే నిద్రపట్టని మనిషి, నేల మీద పడుకోవడానికి ఇంత సామాను కొన్నాడని నేను మా ఆయన్ని ఆటపట్టించాను. ఆటపట్టిస్తూనే అందరికంటే ముందు వెళ్లి కార్లో కూర్చున్నది కూడా నేనే.

పోయిన ఎండాకాలం, పిల్లలిద్దరినీ తీసుకుని పోచంపాడు జలాశయం వెనక వైపుకు వెళ్లాం. నీళ్లు బాగా వెనక్కి పోయి, పగుళ్లిచ్చిన నల్లటి నేల బయటపడింది. గుడారం మేకులు దిగడం లేదు. గాలికేమో గుడారం లేచి పోతోంది. తాళ్లకు బరువు కట్టాలంటే రాళ్లు కావాలి. చుట్టుపక్కలే, ఒండ్రులో సగం కూరుకుపోయిన రాళ్లు వరసగా కనిపించాయి. ఏ గొర్లకాపరో పేర్చి ఉంటాడనుకున్నాను. పిల్లలకు అదో ఆట అయింది, పందెం వేసుకుని మరీ మోసుకొచ్చారు.

అక్కడితో ఆగినా బాగుండేది. నాకు మూడు రాళ్ల పొయ్యి కావాలనిపించింది.

"గ్యాస్ ఉండంగ గా రాళ్లెందుకు నీకు?" అన్నాడు మా ఆయన.

"మా తాత కాలంల గిట్లనే వండుకున్నరు. గ్యాస్ మీద వండుకునేదానికి గింత దూరం వచ్చుడెందుకు?" అన్నాను.

ఆ వరసలోనే పొడుగ్గా, నున్నగా ఉన్న రాయి ఒకటి చూసి నేనే పెకిలించాను. మూడు రాళ్లలో అదే పెద్దది. దాని పక్కన మంట పెట్టి, కోడికూర వండి, రాయి మీద పులుసు ఒలికితే కూడా నవ్వుకుంటూ ఫొటోలు దిగాం. పాతకాలపు మనిషినైపోయానని నాకు ఒకటే గొప్ప.

తెల్లారి అదే పొయ్యి మీద చాయ్ కాచుకుని తాగుతుంటే ఇద్దరు ఆడవాళ్లు నడుచుకుంటూ వచ్చారు. ఒక ముసలమ్మ, ఆమె కూతురు. కూతురిది నా వయసే ఉంటుంది. ముసలమ్మ చేతిలో చిన్న గుడ్డమూట ఉంది. మమ్మల్ని చూడనట్టే నేరుగా వచ్చి, మధ్యలో ఆగి, అటూ ఇటూ చూసింది. నాలుగడుగులు వేసి మళ్లీ ఆగింది.

"ఏమైంది అవ్వా?" అని తల్లిని అడిగింది కూతురు.

"రాళ్లు లేవు బిడ్డా."

కూతురు మా గుడారం తాళ్ల వైపు చూసింది. ఆమెకు అర్థమైపోయింది.

"మా ఊరు గీడనే ఉండె. డ్యాం కట్టినంక మునిగింది" అని నాతో చెప్పింది. "నీళ్లు దిగినప్పుడల్ల మా అవ్వ వచ్చి ఇంటి గడపకు పసుపు రాసి పోతది. గోడలు ఎప్పుడో కరిగిపోయినయ్. జాగ మరువకుండ మా బాపు ఇంటి చుట్టూత రాళ్లు పెట్టిండు. ఏడాదికోపారి ఆయనే వచ్చి సరిజేసెటోడు. గిప్పుడు ఆయనకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. గా రాళ్లు మీరే తీసిన్రా?"

మా ఆయన నా వైపు చూశాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

"ఎరుకలేక తీసినమమ్మా. మళ్ల పెడ్తం" అన్నాను.

"ఏ రాయి యాడ తీసినవో యాదికున్నదా బిడ్డా?" అని అడిగింది ముసలమ్మ. ఆ గొంతులో కోపం లేదు. తెలుసుకోవాలని అడిగింది, అంతే. కోప్పడితే నాకు ఎంతో తేలికగా ఉండేది.

నేను ఒక చోటు చూపించాను. పిల్లలు ఇంకో చోటు చూపించారు. ఫోన్ తీసి ఫొటోలు వెతికాను. అన్నింట్లోనూ గుడారమే, మేమే. వెనక నేల ఒక్కదాంట్లోనూ సరిగా కనబడదు. నా చదువూ, మా ఇంటి పెద్దరికమూ ఆ నేల మీద దేనికీ పనికిరాలేదు.

ఈలోగా ముసలమ్మ పొయ్యి దగ్గర కూర్చుంది. మసి పట్టి, పులుసు మరకలు ఎండిన ఆ పొడుగు రాయిని గుర్తుపట్టింది.

"గిది మా గడప" అని చేయి వేసి, చురుక్కుమనడంతో వెనక్కి తీసుకుంది. చాయ్ కాచిన మంట ఇంకా ఆరలేదు. నేను నీళ్లు తెచ్చి ఆమె చేతి మీద పోశాను. అంతకంటే ఏం చేయాలో తెలియలేదు. తొక్కడానికి కూడా జంకే గడప మీద నేను కోడికూర వండాను.

చల్లబడ్డాక దాన్ని కడిగి ఇస్తానన్నాను. "కడిగి యాడ పెడ్తవ్?" అంది కూతురు. మా ఆయన గుడారం మడవబోయి, అది మడతపడక, ఊరికే పట్టుకుని నిలబడ్డాడు.

ముసలమ్మ మూట విప్పింది. లోపల పసుపు. తడిపి ముద్ద చేసి, ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు చేతిలోనే పట్టుకుని కూర్చుంది. తర్వాత నా ముందుకు వచ్చి వంగి, నా పాదాలకు రాయడం మొదలుపెట్టింది. పసుపు రాశుల మధ్య పెరిగినదాన్ని నేను. పసుపు చూసి ఏనాడూ తల దించుకున్నది లేదు.

"వద్దమ్మా, నాకొద్దు" అన్నాను. కాళ్లు వెనక్కి తీసుకోబోయాను.

ఆమె చీలమండ పట్టుకుని ఆపింది.

"ఇంటికొచ్చిన ఆడబిడ్డవు, వట్టిగ ఎట్ల పోతవ్? మా ఇంట్లనే నిలవడ్డవు బిడ్డా. వంట అర్రలనో, పడుకునే అర్రలనో, ఏ అర్రల నిలవడ్డవో, గదే తెలుస్తలేదు."