సున్నం చుక్క దాటని పగులు

నా చిన్నప్పుడు మేము నాంపల్లి స్టేషన్ వెనక ఒక గదిలో కిరాయికి ఉండేవాళ్లం. మా నాయన స్టేషన్‌లో కూలీ. ఒక చలికాలం మూటలు మోస్తూ నడుము పట్టేసి మంచాన పడ్డాడు. మా అమ్మ ఏడుస్తూ కూర్చునే మనిషి కాదు. ఏటా చలికాలంలో జరిగే నుమాయిష్ ఎగ్జిబిషన్ మైదానం గేటు బయట మిరపకాయ బజ్జీలు వేసుకోవడానికి ఒక మూల చోటు సంపాదించింది. మొదటి సాయంత్రమే మూకుడు పెట్టకపోతే ఆ చోట ఇంకొకరు కూర్చుంటారు.

మూకుడు అరువుకు దొరికింది. పొయ్యి మాత్రం చేసుకోవాలి. అబిడ్స్ నుంచి డబ్బున్నవాళ్లు వస్తారు, పొయ్యి చూడముచ్చటగా ఉండాలని అమ్మ పట్టుదల. మట్టిని పాత చీరలో జల్లించి, వెన్నలా మెదిపి, నున్నగా చేసింది. ఆరేసరికి అది అంచు నుంచి అడుగు దాకా పగిలి రెండు ముక్కలైంది. మట్టిలో ఇంకా గరుకు ఉండిపోయిందనుకుని, రెండోసారి ఇంకా సన్నగా జల్లించింది. అదీ పగిలింది.

మా నాయనమ్మ అప్పటిదాకా తమలపాకు నములుతూ చూసింది.

"గోధుమపిండి లెక్క జల్లించినవ్. ఇగ దానికి పట్టు ఏడికెళ్లొస్తది?"

"నున్నగుంటే నలుగురు చూస్తరని అత్తమ్మా."

"ఔ, చూస్తరు. మూకుడు కింద పడ్డంక ఇంక మంచిగ చూస్తరు."

అమ్మకు నవ్వూ కోపమూ రెండూ వచ్చాయి. నాయనమ్మ చినిగిన గోనె సంచి విప్పి, నారను వేలెడు ముక్కలుగా కత్తిరించమని నాకిచ్చింది. జల్లెడలో మిగిలిన గరుకును కూడా మళ్లీ మట్టిలో కలిపింది. ముందు వట్టి మట్టితో ఒకటి, నార కలిపి ఒకటి బిళ్లలు చేసి, ఇంట్లో వంట పొయ్యి పక్కన ఆరబెట్టి, నన్ను విరవమంది. వట్టి మట్టి బిళ్ల బిస్కెట్‌లా ఒక్క దెబ్బకు విరిగింది. నార కలిపిన దానికీ పగులు వచ్చింది. కానీ నేనెంత గుంజినా విడిపోలేదు. సందులో నార పోగులు రెండు వైపులా పట్టుకుని ఉన్నాయి.

ఆ నార మట్టితోనే మూడో పొయ్యి చేశారు. గరుకుగా, అందం చందం లేకుండా వచ్చింది. మొదటి సాయంత్రం మంట ఎక్కాక, మొదటి వాయి బజ్జీలు నూనెలో ఉండగానే, అంచు దగ్గర సన్నటి గీత కనబడింది. అమ్మ చెయ్యి ఆగిపోయింది. గేటు ముందు జనం, ఇంట్లో మంచాన నాయన, మూకుడు నిండా కాగే నూనె. నన్ను దూరంగా జరగమంది.

పక్కనే కూర్చున్న నాయనమ్మ తన సున్నం డబ్బీ తీసి, ఆ గీత ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడ వేలితో ఒక చుక్క పెట్టింది.

"చుక్క దాటితే మూకుడు దించు. దాటకుంటే వేసుడే. పగులుడు మట్టికి గుణం, దాన్నేం చేస్తం. పట్టుకునేది లోపట ఉన్నదా లేదా, గదీ జూడాలె."

అమ్మ మళ్లీ జారా గరిటె అందుకుంది. చుక్కను చూసే పని నాది. ఆ సాయంత్రం పగులు దాన్ని దాటలేదు. నుమాయిష్ ముగిసేదాకా దాటలేదు. చివర్లో పొయ్యి పగలగొట్టి చూస్తే మంట తగిలిన వైపు నార కాలిపోయి ఉంది, గోడ మధ్యలోది అలాగే ఉంది.

నేను మూడో తరగతి దాకే చదివాను. గోనె సంచి ఇప్పటికీ పారేయను, నా కోడళ్లు నవ్వుకుంటే నవ్వుకోనీ. మొన్న నా కొడుకులిద్దరూ మాటా మాటా అనుకుని వేరు కాపురాలు పెట్టారు. నేను వద్దనలేదు. ఆదివారం మాత్రం ఇద్దరూ పిల్లలతో వచ్చి నా చేతి వంటే తినాలన్నాను. "మాట్లాడుకోనోళ్లం ఒక్కదగ్గర తిని ఏం చేస్తమమ్మా?" అన్నాడు చిన్నోడు. "మాటలు నేనడిగిన్నా? తిను" అన్నాను.

వస్తున్నారు. తల వంచుకుని తింటారు, కూర గిన్నె మాత్రం ఒకరి వైపు ఒకరు జరుపుకుంటారు. ప్రతి ఆదివారం నేను చుక్క దగ్గర కూర్చునే చూస్తున్నాను. పగులు ఇంకా దాటలేదు.