బండకెక్కిన ఎర్రగీత

మా ఇంట్లో డైరీ అంటే వంటింటి గోడమీది క్యాలెండరే. నెలకో కాగితం, రోజుకో గడి. గ్యాస్ వచ్చిన రోజు, పాలు విరిగిన రోజు, సైకిల్ ట్యూబు మార్చిన రోజు, కాలేజీలో పరీక్ష డ్యూటీ పడిన రోజు, అన్నీ ఆ గళ్లలోకే. నా భార్య ఉన్నన్నాళ్లూ పిట్టలు కూడా అందులోనే ఉండేవి. ఆదివారం పొద్దున్నే ఇద్దరం చెరో సైకిల్ ఎక్కి నంద్యాల దాటి మహానంది రోడ్డున పోయేవాళ్లం. అరటితోటల వెనక ఒక కుంట ఉంది. దాని గట్టున గంటసేపు కూర్చుని, నీళ్లమీది పిట్టల్ని చూసి, దారిలో దోసెలు తిని ఇంటికొచ్చేవాళ్లం. చెప్పులు విడవకముందే ఆమె పెన్ను అందుకుని గడి నింపేది.

గత నవంబరుకు ఆమె పోయి ఏడాదైంది. ఆ నెల కాగితం చింపి దగ్గర పెట్టుకున్నాను. ఇది దాన్ని చూస్తూ రాస్తున్నది.

మొదటి ఆదివారం గడిలో "స్థలం ఖాయం" అని ఉంది. కుంట పక్కన ఎకరం అరటి నా సైకిల్ బాగుచేసే షాపాయనది. ఆమె పోయాక ఆదివారాలు నాతోపాటు సైకిల్ తొక్కుతున్నది ఆయనే. పిట్టల మీద ఆయనకు పెద్ద ఆసక్తి లేదు. నేను ఒక్కణ్ణే పోతే చైను ఊడినప్పుడు రోడ్డుమీద నిలబడిపోతానని ఆయన నమ్మకం. అది నిజం కూడా.

"ఇక్కడ ఒక రాతిబల్ల వేయిస్తాను భాయ్, కూర్చోడానికి," అన్నాను గట్టుమీద నిలబడి.

"నీకోసమా, మేడంకోసమా?"

"ఆమెకోసమే."

"అట్లయితే వెయ్యి సారూ. నీకోసమైతే బాడుగ అడుగుదామనుకుంటి." సైకిల్ స్టాండు వేసి గట్టును కాలితో తొక్కి చూశాడు. "ఈడ మన్ను గట్టిగుండాది. ఎప్పటికి?"

"చివరి ఆదివారానికి. ఏడాది తిరిగేది ఆరోజే."

"నాలుగు వారాల్లో రాయి అయితాదా?"

అవుతుందనే అనుకున్నాను. రాయి సంగతి నాకు తెలియదు గానీ మాట సంగతి తెలుసు. బల్ల అంచున ఒక్క వాక్యం చెక్కించాలని అప్పటికే అనుకున్నాను. ముప్పై ఏళ్లుగా తెలుగు చెప్తున్నవాడికి ఒక్క వాక్యం ఎంతసేపు!

మర్నాడు సెలవు పెట్టి ఆళ్లగడ్డ బస్సెక్కాను. శిరివెళ్ల దాటినదగ్గర్నుంచి డ్రైవరు ఫోన్లో ఎవరికో కందిపప్పు ఎట్లా ఉడికించాలో చెప్తూనే ఉన్నాడు. ఆళ్లగడ్డలో దిగేసరికి నాకూ వచ్చేసింది. శిల్పి షెడ్డు రోడ్డు పక్కనే. కళ్లు ఇంకా తెరవని ఆంజనేయస్వామి, తోక లేని నంది, ముఖం ఇంకా రాకముందే చెయ్యి ఊపుతున్న ఎవరో నాయకుడు. అందరిమీదా తెల్లటి పొడి. శిల్పికి అరవై దాటాయి. ముక్కుకు కట్టుకున్న తుండుగుడ్డ విప్పకుండానే మాట్లాడాడు.

"బల్లా? చేస్తాం. కాళ్లకు సింహాలు పెడదాం."

"వద్దన్నా. ఉత్త కాళ్లు చాలు."

"అంచుకు తీగ వేస్తా. ఊరికే వేస్తా సారూ, దానికి దుడ్లు అడగను."

"తీగ కూడా వద్దు."

"రెండు హంసలు?"

"వద్దు."

"ఒకటి?"

"అంచున ఒక్క వరస అక్షరాలు. అంతే."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. ఇంత బీదగా అడిగేవాడు ఆ షెడ్డుకు అంతకుముందు రాలేదనుకుంటాను. జానెడు మందం నల్లరాయి ఒకటి చూపించి, "అక్షరాలేందో కాగితంమీద రాసి పంపు. కాగితంలో ఎట్లుంటే రాయిలో అట్లే వస్తాది," అన్నాడు.

ఆ వారమంతా గళ్లలో ఇవి ఉన్నాయి: "బియ్యం." "సెకండ్ ఇంటర్ పేపర్లు." "వాక్యం రాలేదు." మరునాడు మళ్లీ "రాలేదు." పిల్లల వ్యాసాల్లో "కన్నీటి సంద్రం" కనిపిస్తే ఎర్రగీత గీసే మనిషిని నేను. నాకు తట్టిన వాక్యాలన్నీ ఆ సంద్రం ఒడ్డునే ఉన్నాయి. రాసినవి రాసినట్టు కొట్టేశాను. "ప్రకృతి ఒడిలో" అని ఒకసారి నా చేత్తోనే రాసి, గదిలో ఎవరూ లేకపోయినా సిగ్గుపడ్డాను.

రెండో ఆదివారం ఎదురుగాలి. షాపాయన ముందు తొక్కుతూ వెనక్కి అరిచాడు. "మాట కుదిరిందా సారూ?"

"లేదు."

"పేరు రాయించు, అయిపోతాది."

"ఆమెకు తన పేరు నచ్చేది కాదు."

"నాకూ నాది నచ్చదు. అయినా షాపు బోర్డుమీద అదే ఉండాది."

వాక్యం దొరికింది వంటింట్లో. డబ్బాలు దించి అలమర తుడుస్తుంటే అరల్లో పరిచిన పాత క్యాలెండర్ కాగితాలు బయటపడ్డాయి. పాత కాగితాలేవీ ఆమె పారేసేది కాదు. పప్పుల డబ్బా కిందున్న కాగితంలో, ఒక ఆదివారం గడిలో, నీలం ఇంకుతో ఆమె రాత:

ఈడ మునిగి ఆడ లేస్తాది.

బుడబుంగ గురించి. పిడికెడంత నీళ్లపిట్ట అది. చూస్తుండగానే బుడుంగున మునిగి, మనం చూడని చోట తేలుతుంది. అది మునగగానే ఎక్కడ లేస్తుందో వేలు పెట్టి చూపించడం మా ఆట. ఓడినవాళ్లు ఇంటిదాకా ముందు తొక్కాలి, వెనకవాళ్లకు గాలి అడ్డుకుంటూ. ఎక్కువసార్లు నేనే ముందు తొక్కాను.

ఆ నీలం అక్షరాలమీద నా ఎర్రపెన్ను కూడా ఉంది. "ఈడ" కొట్టేసి పైన "ఇక్కడ". "ఆడ" కొట్టేసి "అక్కడ". "లేస్తాది" కొట్టేసి "లేస్తుంది". పేపర్లు దిద్దుతూ లేచి వెళ్లి గోడమీదిదీ దిద్దేసినట్టున్నాను. అప్పుడామె, "పిట్టకు చెప్పిరాపో, తప్పుగా లేస్తాంది," అంది. ఇద్దరం నవ్వుకున్నాం.

కింది అరల్లో ఆ తర్వాతి నెలలవీ ఉన్నాయి. వాటిలో వాక్యాలు లేవు. "బుడబుంగ 2." "కొంగ 11." "పాలపిట్ట 1." ఆమె రాత పొదుపుగా మారిందని అప్పట్లో మెచ్చుకున్నట్టు కూడా గుర్తు.

బల్లకు వాక్యం ఇదేనని వెంటనే అనిపించింది. ఆమె మాట, దిద్దిన రూపంలో. దారినపోయేవాళ్లు కూడా చదువుతారు కదా. ఆ గడిని ఫోటో తీసి శిల్పికి పంపి, గొంతు రికార్డు చేసి కూడా పెట్టాను. "అన్నా, ఎర్రది చూసి చెక్కు. ఎర్రదే సరైంది."

కాసేపటికి ఆయన గొంతు వచ్చింది. "తెలిసిందిలే సారూ. మంచి మాట. ఆత్మ గురించి గదా?"

"కాదన్నా. నీళ్లకోడి లాంటి పిట్ట గురించి."

ఆ రోజు గడిలో "పంపాను" అని రాసి, మూడో ఆదివారం నిశ్చింతగా సైకిల్ తొక్కాను. తీతువు ఒకటి మా తలలమీద తిరుగుతూ తిట్టింది. షాపాయన దాన్ని తిరిగి తిట్టాడు.

చివరి ఆదివారానికి మూడు రోజుల ముందు మళ్లీ ఆళ్లగడ్డ వెళ్లాను, రాయి చూసుకుని ట్రాలీ మాట్లాడుకుందామని. శిల్పి తడిగుడ్డతో అంచు తుడిచి పక్కకు జరిగాడు.

చాలా శ్రద్ధగా చెక్కాడు. ఆమె గుండ్రటి అక్షరాలు అట్లాగే వచ్చాయి. వాటిమీద అడ్డంగా మూడు గీతలు. పైన చిన్నగా, నా వాలు రాతలో, ఇక్కడ, అక్కడ, లేస్తుంది. "లేస్తాది" మీది గీత చివర నా పెన్ను జారిన చిన్న తోక ఉంటే, ఆ తోక కూడా ఉంది.

"ఇదేందన్నా!" నా నోట కూడా ఆ యాసే వచ్చింది.

"ఏందంటే? నువ్వు పంపిందే."

"ఎర్రది చూసి చెక్కమన్నాను కదా."

"అదే చేసినా. ఎర్రది గదా అని రవ్వంత లోతుగా గూడా కొట్టినా." లోపలికి పోయి జేగురు ఎర్రమన్ను కలిపిన చిప్ప తెచ్చి చూపించాడు. పక్కనున్న నంది తొడమీద ఎర్రటి గీతలు ఇంకా తడిగా ఉన్నాయి. "రాయిమీద ఎర్రగా ఏది గీస్తే ఆడ ఉలి పెట్టాల. మా నాయన దగ్గర్నుంచీ అంతే. ఎర్రగీత అంటే చెక్కమని."

"మా దగ్గర ఎర్రగీత అంటే తప్పని."

"తప్పా?" ఆయన అంచు వైపు వంగి మళ్లీ చదివాడు. "ఏం తప్పు? ఈడ మునిగి ఆడ లేస్తాది. సరిగ్గానే ఉండాదే!"

నాకు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. మూడు రోజులే ఉన్నాయి. అరగదీసి మళ్లీ చెక్కవచ్చా అని అడిగాను. లోతుగా దిగింది కాబట్టి వేలెడు మందం పోతుందన్నాడు. పైగా ఈలోగా కాదు. తర్వాత బండకు ఆ వైపుకు వెళ్లి అరచేత్తో తట్టాడు. "ఇంకో అంచు ఖాళీగుండాది గదా. ఇదే మాట ఆపక్క శుద్ధంగా కొడతా. రేపు సాయంత్రానికల్లా అయిపోతాది. ఎర్రవి మాత్రమే గదా?"

"అవును. ఎర్రవి మాత్రమే."

ఆయన చిప్ప అందుకున్నాడు. అక్షరాలు గీసుకోవడానికి వంగి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు.

"ఇంతకూ ఎవురు సారూ ఈ ఎర్రగీతలు గీసింది?"

"నేనే."

"నీలంది మేడం రాతనా?"

"ఆమెదే."

"నువ్వు కొట్టేస్తే ఏమనింది?"

ఏమీ అనలేదు, నవ్వింది అని చెప్పబోయాను. కింది అరల్లోని కాగితాలు గుర్తొచ్చాయి. బుడబుంగ 2. కొంగ 11. ఆమె అన్నది అదే. ఆ తర్వాత ఆరేళ్లపాటు గడికి ఒక పేరూ ఒక అంకే రాసింది, దిద్దడానికి నాకేమీ మిగలకుండా. నేను దాన్ని పొదుపు అనుకున్నాను.

ఆయన చెక్కిన అంచును మళ్లీ చూశాను. కాగితంమీద ఆ గీతలు సన్నగా, అలవాటుగా ఉన్నాయి. రాయిలో ఎవరైనా వేలు పెట్టి తడిమి చూడవచ్చు.

"అన్నా, ఆ ఎర్రవి వద్దు," అన్నాను. "ఆపక్క నీలంవి కొట్టు. ఆమె ఎట్లా రాసిందో అట్లాగే. పైన ఏమీ వద్దు."

"మళ్లీ మార్చవు గదా?"

"మార్చను."

"హంస?"

"వద్దు."

మర్నాడు కాలేజీలో యూనిట్ టెస్ట్ పేపర్లు. ఒకమ్మాయి వ్యాసంలో "యాడ చూసినా నీళ్లే" అని రాసింది. పెన్ను కొంచెంసేపు గాల్లో ఆగింది. పరీక్షలో మార్కులు పోతాయి కాబట్టి "ఎక్కడ" అని దిద్దాను. కానీ కొట్టేయలేదు. పక్కన రాసి, అంచులో "వాక్యం బాగుంది" అని పెట్టాను. దాన్ని కూడా ఎర్ర ఇంకుతోనే రాశాను. ఇంకో పెన్ను తేలేదు.

చివరి ఆదివారం పొద్దున ట్రాలీ కుంట దాకా రాలేక తోట గేటు దగ్గరే ఆగింది. శిల్పి, ఆయన మనుషులిద్దరు, షాపాయన, నేను, మోకులు కట్టి దుంగలమీద దొర్లించాం. అరటిగెలలకు తగలకుండా షాపాయన అడుగడుక్కీ అరుస్తూనే ఉన్నాడు. రెండు కాళ్లూ పాతి, బండ ఎత్తి పెట్టేసరికి ఎండ ఎక్కింది.

"ఏ అంచు నీళ్లవైపు?" అని శిల్పి అడిగాడు.

"నీలంది."

షాపాయన బండచుట్టూ తిరిగి రెండు వైపులా చదివాడు. ముందు తోటవైపు, తర్వాత నీళ్లవైపు. "ఏంది సారూ ఇది? ఈపక్క దిద్దింది, ఆపక్క దిద్దనిది. ఏది సరి?"

"నీళ్లవైపుది."

"మరి నా అరటిచెట్లు తప్పుది చదువుకోవాల్నా?"

"చదువుకోనీ భాయ్. రాసింది నేనే."

శిల్పి వాళ్లు ట్రాలీతో వెళ్లిపోయారు. ఇద్దరం బల్లమీద కూర్చున్నాం. రాయి ఇంకా చల్లగా ఉంది. కుంటలో మూడు బుడబుంగలు. ఒకటి మునిగింది.

"యాడ లేస్తాది, చెప్పు సారూ," అన్నాడు షాపాయన. పిట్టలమీద ఆసక్తి లేని మనిషి! ఆట సంగతి ఆమె ఎప్పుడో షాపులో చెప్పిందట. నేను తుంగ దగ్గర చూపించాను. ఆయన మా కాళ్ల ముందు చూపించాడు. అది మా కాళ్ల ముందు లేచి, తల విదిలించుకుని, మళ్లీ మునిగింది.

నంద్యాల దాకా నేనే ముందు తొక్కాను. గాలి బాగానే ఉంది.

ఇంటికొచ్చి చెప్పులు విడవకముందే పెన్ను తీసుకున్నాను. "బండ కుదిరింది. బుడబుంగలు మూడు. ఒకటి నేను ఆడ లేస్తాదంటే ఈడ లేచింది, ముందు తొక్కినాను" అని రాశాను. గడి చాలక చివరి రెండు మాటలు సోమవారంలోకి పోయాయి.