కొత్త గ్యాలరీలో సప్పుడు

కొత్త స్టేడియంలో సప్పుడు లేదని మొదట అన్నది మా బావ. గోల్ పడింది, జనమంతా లేచి చేతులెత్తారు, ఆయన మాత్రం ఉప్పు లేని పప్పు నోట్లో పెట్టుకున్నవాడిలా నావైపు తిరిగాడు.

"ఏందిరా బామ్మర్దీ, సావింటి లెక్క ఉన్నది," అన్నాడు.

నాకూ అలాగే ఉంది. ఇంత డబ్బు పోసి కట్టింది ఇందుకేనా అని ఒళ్లు మండింది.

మేమిద్దరం వరంగల్‌లో ఒకే షెడ్డులో సాంచాలు నడుపుతాం. మరమగ్గాలని పుస్తకాల్లో రాస్తారు గానీ మా నోట అవి సాంచాలే. మా అక్క పోయాక బావ బతుకు షెడ్డుకూ ఇంటికీ మధ్యనే. బిడ్డ ఏది వండిపెడితే అది తింటాడు, బాగుందనడు, బాగాలేదనడు. ఆదివారం ఫుట్‌బాల్ ఆట ఉంటే మాత్రం పొద్దున్నే లేచి గడ్డం గీసుకుంటాడు. ఆ ఒక్క పూటే మా పాత బావ కనిపించేవాడు. అది కూడా పోతే మనిషి గోడకు తిరిగి పడుకుంటాడని నాకు లోపల భయం.

పాత గ్రౌండులో గ్యాలరీ లేదు, గీలరీ లేదు. సున్నం గీతను ఆనుకుని నిలబడేవాళ్లం. ఇవతల మేం, అవతల ఎదుటి జట్టువాళ్లు. వాళ్లు మా గోల్‌కీపర్‌ను తిడితే మేం వాళ్ల కోచ్ తాతముత్తాతలను లేపేవాళ్లం. బంతి ఒక్కోసారి ఒళ్లో వచ్చి పడేది. దుమ్ము, బూతులు, పల్లీలు, మేడారం జాతర చిన్నదై మా ముందుకు వచ్చినట్టుండేది. దాన్ని తవ్వేసి, చుట్టూ పరుగు పందేలకు బాట వేసి, ఒకవైపు ఎత్తుగా గ్యాలరీ, దాని మీద కప్పు, ప్లాస్టిక్ కుర్చీలు పెట్టారు.

ఆట అయ్యాక ఛాయ్ హోటల్లో కూర్చుని ఆ కొత్త స్టేడియం బొమికలు విరిచేవాళ్లం. మాతో డోర్నకల్ నుంచి ఒకాయన వచ్చేవాడు. రైల్వేలో చేసి రిటైరయ్యాడు, ఆట ఉందంటే రైలెక్కేస్తాడు. మేం అన్నా అని పిలుస్తాం.

"నడుమ ఆ బాట ఎందుకు ఏసిన్రో. ఆట ఒక ఊర్లె, మనం ఒక ఊర్లె," అన్నాను నేను.

"బాట గాదురా, కప్పు. గంత ఎత్తు పెడితే సప్పుడు పిట్టల పాలైతది. మన షెడ్డు రేకులు సూడు, జర్రంత సప్పుడన్న బయటికి పోనిస్తయా?" అన్నాడు బావ.

డోర్నకల్ అన్న గ్లాసు కింద పెట్టాడు. "మీకేం పుట్టిందిరా? నాకైతే చెవులు గుయ్యిమంటానయి. ఇంకెంత సప్పుడు గావాలె?"

"కట్టినోళ్లు నీకేమన్న సుట్టాలా అన్నా?" అని బావ ఎగతాళి చేశాడు. "రిటైరై ఇంట్ల పండుకొని నాజూకైనవ్."

మేం నవ్వాం. మర్నాడు షెడ్డులో అడిగితే ఆటకు వచ్చిన ప్రతివాడూ మా మాటే అన్నాడు. స్టేడియం చచ్చిపోయిందన్నారు. ఇంతమంది ఒకటే చెబుతుంటే ఒక్కడి మాట ఎవడు వింటాడు?

బావకు ఒక పని దొరికింది. గ్యాలరీ వెనక షెడ్డుకు కొట్టినట్టు రేకులు కొట్టించాలి, అప్పుడు అరుపు తిరిగి వచ్చి మన మీదే పడుతుంది. బల్ల మీద ఒలికిన ఛాయ్‌లో వేలు ముంచి ఎక్కడెక్కడ కొట్టాలో గీసి చూపేవాడు. ఆఫీసు గడప ఎక్కడమంటేనే గిట్టని మనిషి, స్టేడియం ఆఫీసరు దగ్గరికి కూడా పోయి చెప్పి వచ్చాడు. ఆ సారు చూద్దాం అన్నాడట. అదే చాలు, వారమంతా రేకుల మాటే. నేను కావాలనే అడ్డం వాదించేవాణ్ని. ఆయన నా మీద అరుస్తుంటే నాకు కడుపు నిండినట్టుండేది.

"రేకులు వచ్చేదాంక డప్పులు తెద్దాం," అన్నాడు ఒకరోజు.

ఆ ఆదివారం డప్పులవాళ్లు వచ్చారు. గేటు బయట గడ్డి మంట వేసి డప్పులు కాపుకుని మా వెనక వరుసలో నిలబడ్డారు. ఇన్నాళ్లుగా ఇంట్లో వింటున్న రచ్చ ఏమిటో చూద్దామని నా మేనకోడలు కూడా వచ్చింది. దెబ్బ మొదలైంది. బావ కాసేపు తల పక్కకు వంచి కూర్చున్నాడు. తర్వాత వెనక్కి తిరిగాడు.

"సరిగ్గ కాగలేదురా డప్పులు. మళ్ల కాపుకొని రాపోండ్రి."

డప్పు కొట్టేవాడు బిత్తరపోయి చూశాడు. బావ లేచి వెళ్లి, వాడు కొడుతుండగానే తోలు అంచున అరచెయ్యి ఆనించాడు. ఆ చెయ్యి అక్కడినుంచి తియ్యలేదు.

నేను పక్కకు చూశాను. మేనకోడలు రెండు చెవులూ గట్టిగా మూసుకుని వంగిపోయి ఉంది. ముందు వరుసలవాళ్లు తిరిగి మమ్మల్ని తిడుతున్నారు. డప్పు దెబ్బకు నా చేతిలోని ఛాయ్ కప్పు అదురుతోంది. ఇంతా చేస్తే నాకు వినపడుతున్నది పక్కింట్లో ఎవరో పచ్చడి దంచుతున్నంత సప్పుడు.

షెడ్డులో సాంచాలు నడుస్తుంటే నోటి మాట వినపడదు. అందుకని మాలో ఎవడూ చెవితో మాట వినడు, పెదవులు చూసి పట్టుకుంటాడు. అరగంట కబుర్లు గొంతు లేకుండా చెప్పుకుంటాం. ఆ అలవాటు ఇంటికీ వస్తుంది, ఛాయ్ హోటల్‌కూ వస్తుంది. ఏది విన్నామో ఏది చూశామో మాకే తెలియకుండా ఏళ్లు గడిచాయి. పాత గ్రౌండులో అవతలి గీత మీద నోళ్లు తెరిచి అరిచే మొహాలు మాకు ఎదురుగా ఉండేవి. చూసిందే విన్నామనుకున్నాం. కొత్త గ్యాలరీలో అందరూ ఒకే వైపు కూర్చుంటారు, మాకు కనిపించేవి వీపులూ తలకాయలూ.

బావ చెయ్యి తీసి డప్పులవాళ్లను ఆగమన్నాడు. వచ్చి బిడ్డ ముందు నిలబడ్డాడు. ఆయనకు ఎవరూ చెప్పలేదు, మూసుకున్న ఆ చెవులే చెప్పాయి.

"బిడ్డా, గా చున్నీ నోటికి అడ్డం పెట్టుకొని ఏమన్న మాట్లాడు."

"ఎందుకు బాపూ?"

"జర మాట్లాడు బిడ్డా."

ఆ పిల్ల చున్నీ ముక్కు దాకా లాక్కుంది. బావ ఆమె కళ్లలోకి చూస్తూ నిలబడ్డాడు. కొద్దిసేపయ్యాక, చిన్నపిల్లను బుజ్జగించినట్టు, "చెప్పు బిడ్డా, ఇంక చెప్తలేవేంది?" అన్నాడు.

చున్నీ అప్పటికే కదిలి ఆగిపోయింది. నేను చూశాను. పక్కనే ఉన్న డోర్నకల్ అన్న వైపు తిరిగి, "ఏమన్నదన్నా?" అని అడిగాను.

ఆయన నన్ను చూసిన చూపు నేను మర్చిపోలేను. "నీకు గూడ ఇనరాలేదా తమ్మీ?" అన్నాడు. "వచ్చే వారం గూడ నేను నీ ఎంబడి వస్త బాపూ అన్నది. గట్టిగనే అన్నది."

ఆ మాటను నేను బావకు షెడ్డులో చెప్పినట్టు, గొంతు లేకుండా, పెదవులతో చెప్పాను. ఆయన నా పెదవులు చూసి పట్టుకున్నాడు. బిడ్డ తల మీద చెయ్యి వేసి, "నువ్వు రా బిడ్డా, మామ తోలుకొస్తడు," అన్నాడు. ఆట సగంలో ఉండగానే మెట్లు దిగి వెళ్లిపోయాడు.

తప్పు స్టేడియానిదైనంత కాలం ఆయనకు కొట్టించడానికి రేకులుండేవి. ఇప్పుడు ఆదివారం నేను పిలవడానికి వెళ్తే గోడవైపు తిరిగి పడుకుని ఉంటాడు. మొహం కనిపిస్తే తప్ప ఆయనతో మాట్లాడడం కుదరదని ఆయనకూ తెలుసు.