ఉత్తరపు గట్టు మీద ఆరు చెట్లు

మా బాబాయి గారు పోయారన్న కబురు కువైట్‌లో, మహబూలాలో కంపెనీ బస్సు దిగుతుండగా తెలిసింది. ఆ రోజు ఆయనకి సెలవు, నాకు డ్యూటీ. మధ్యాహ్నం భోంచేసి కాస్త నడుం వాల్చారట, మళ్ళీ లేవలేదు. మా గదిలోనే ఉండే రాయచోటి తమ్ముడు నాకోసం మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. "పెద్దాయన పోయినాడన్నా" అని మాత్రం అని, నా చేతిలోని టిఫిన్ డబ్బా తీసుకున్నాడు.

ఆయన నాకు సొంత బాబాయి కాదు. గోదావరి మెట్టలో ఆయనది జీడిమామిడి తోట, నాది మూడెకరాల గరువు నేల. రెంటికీ మధ్య మా పెదనాన్న కొడుకు చేను ఒక్కటే అడ్డం. ఊళ్ళో దూరదూరంగానే ఉండేవాళ్ళం. కువైట్ వచ్చాక పదకొండేళ్ళు ఎదురెదురు మంచాల మీద పడుకున్నాం.

ఆయిల్ ప్లాంటులో ఆయన పర్మిట్ల మనిషి. అక్కడ వెల్డింగ్ చేయాలన్నా, గొయ్యి తవ్వాలన్నా ముందు అనుమతి కాగితం ఉండాలి. పని జరిగే చోటికి నడిచి వెళ్ళి, చుట్టూ తిరిగి చూసి, అప్పుడు సంతకం పెట్టేవారు. నా మొదటి వేసవిలో పైపుల మధ్య కళ్ళు తిరిగి కూలబడ్డాను. ఫోర్‌మన్ యల్లా యల్లా, కానీయండి అని అరుస్తూనే ఉన్నాడు. బాబాయి వచ్చి పర్మిట్ వెనక్కి తీసుకున్నారు, తన తలగుడ్డ తడిపి నా మెడకి చుట్టారు. పని ఆపినందుకు సాయంత్రానికి ఆయనకి హెచ్చరిక కాగితం వచ్చింది. దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, "కాగితాలెన్నైనా ఇత్తాడ్రా, మడిసినియ్యగలడా?" అన్నారు. ఆ మాటకి నేను ఇప్పటికీ రుణపడే ఉన్నాను.

శుక్రవారం వంట ఆయనది. ములక్కాడల పులుసు అద్భుతంగా పెట్టేవారు, కానీ తిన్నవాడు ఉపన్యాసం కూడా వినాలి. ఈ ఇసక మనుషులు తమ నేల కింద ఉన్నది తీసుకుని బాగుపడ్డారనీ, మనకి కింద గ్యాసూ పైన ఎండా ఉండి కూడా ఓడల్లో తెప్పించుకుంటున్నామనీ ఆయన బాధ. పాతకాలపు మనిషి. సర్కారు ఏదైనా ఊరికే ఇస్తోందంటే అనుమానించేవారు. "నాకు రూపాయి ఇయ్యక్కర్లేదు, అడ్డు తప్పుకుంటే చాలు" అనేవారు. బావి తవ్వేవాడికైనా, సోలార్ పలకలు పరిచేవాడికైనా ఒకే బల్ల దగ్గర, గడువు లోపల, అవునో కాదో చెప్పేయాలని ఆయన వాదన. అదే విషయం మీద గుండ్రటి అక్షరాలతో ఎందరు అధికారులకి ఉత్తరాలు రాశారో లెక్కలేదు. ఒక్కరూ జవాబు ఇవ్వలేదు, ఆయన మానలేదు.

ఒకసారి రాయచోటి తమ్ముడు ఆయన్ని గిల్లాడు. "అంతా సరే పెద్దాయనా, రేపు నీ తోటలోనే స్తంభాలేస్తామంటే ఒప్పుకుంటావా?"

"ఎందుకొప్పుకోను? నిక్షేపంగా ఏసుకోమంటాను" అని, వాడికి మరో గరిటె పులుసు పోశారు.

ఆ తోట ఉత్తరపు గట్టు మీద, సెలవుకి వెళ్ళినప్పుడల్లా ఒక జీడిమామిడి మొక్క నాటి వచ్చేవారు. అలా ఆరయ్యాయి. "నేను పోతే నన్ను ఆ గట్టు మీదే పెట్టమని సెప్పండ్రా, గాలొత్తాది" అని మా ఇద్దరితోనూ అనేవారు. పిన్నితో మాత్రం ఎప్పుడూ అనలేదు, అంటే ఏడుస్తుందని.

ఆయన మాటలు విని విని నేనే మొదట మునిగాను. రాళ్ళు తప్ప ఏమీ మొలవని నా గరువులో చిన్న సోలార్ ప్లాంటు పెడదామనుకున్నాను. అది నడిస్తే ఇక్కడ ఖలాస్ చెప్పేసి ఇంటికి వెళ్ళిపోవచ్చు. కరెంటు తీగ మా పెదనాన్న కొడుకు చేను దాటి, బాబాయి ఉత్తరపు గట్టు మీదుగా రోడ్డుకి చేరాలి. కరెంటాఫీసుకి అర్జీ ఆయనే రాసిపెట్టారు. నా గట్టు మీద నుంచే లాక్కోరా అని భుజం తట్టారు. అప్పుడు మా పాప ఒకటో తరగతి.

కొన్నాళ్ళకి ఆఫీసు నుంచి, దారిలోని రైతు ఒకరు అభ్యంతరం పెట్టారని చెప్పారు. పేరు చెప్పలేదు. దారిలో ఉన్నది ఇద్దరే. ఒకరు నా ఎదురు మంచం మీద కూర్చుని నాకోసం మరో ఉత్తరం రాస్తున్నారు. ఇంకెవరై ఉంటారు? ఆ పెదనాన్న కొడుకు, మా అన్నకి ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాను. వాడు పిల్ల పెళ్ళికి పిలిస్తే వెళ్ళలేదు, నా భార్యనీ వెళ్ళనివ్వలేదు. "ఎవడో కుళ్ళుబోతు, ఆడి పాపాన ఆడే పోతాడు" అని బాబాయి నన్ను ఓదార్చారు. నాలుగేళ్ళు ఓదార్చారు. పాప అయిదో తరగతికి వచ్చింది.

ఆయన పోయిన మర్నాడు, శవాన్ని పంపడానికి పాస్‌పోర్టూ ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డూ కావాలంటే ఆయన పెట్టె తెరిచాను. అడుగున ప్లాస్టిక్ కవర్లో ఒక కాగితం ఉంది. అవే గుండ్రటి అక్షరాలు. తీగల కింద చెట్లు ఉండనివ్వరు గనుక తాను చేత్తో నాటుకున్న ఆరు చెట్లూ పోతాయనీ, దయచేసి ఈ లైనుకి అనుమతి ఇవ్వవద్దనీ ఉంది. మా కరెంటాఫీసుకి అందినట్టు ముద్ర ఉంది. తేదీ చూశాను. నా అర్జీ వెళ్ళిన పదో రోజు.

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేనెంత? చెట్ల మీద మమకారం నాకు అర్థం కాదా? వద్దురా అని ఒక్క మాట అంటే నేను మానుకునేవాణ్ణి. అనకుండా నాకు ఉత్తరాలు రాసిపెట్టారు, నా పులుసులో ములక్కాడలు ఎక్కువ వేశారు, మా అన్నని నాకు శత్రువుని చేసి ఊరుకున్నారు. ఆ మంచానికేసి చూసి, పోయిన మనిషని కూడా చూడకుండా, పైకే తిట్టాను.

ఆ కాగితం చేతిలో ఉండగానే పిన్ని ఫోన్ చేసింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

"బాబూ, రేపోమాపో ఆయనొచ్చేత్తారు కదా. తోటలో ఎక్కడ పెట్టమన్నారో నీతో ఏమైనా అన్నారా?"

రాయచోటి తమ్ముడు నా ముందే ఉన్నాడు. వాడికీ తెలుసు.

"అలాంటిదేం అనలేదు పిన్నీ. మోటారు షెడ్డు పక్కన పెట్టండి, దారికి దగ్గరగా ఉంటుంది" అన్నాను.

తమ్ముడు లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి నాతో అవసరానికి మించి మాట్లాడడం లేదు.

ఆయన్ని షెడ్డు పక్కనే పెట్టారు. పెద్దకర్మ అయ్యాక తీగ కోసం వారసుల సమ్మతి పత్రం నేను పంపితే పిన్ని సంతకం పెట్టి ఇచ్చింది. పాత అభ్యంతరం సంగతి ఆమెకి తెలియదు, నేను చెప్పలేదు. "మీ బాబాయి ఎప్పుడూ ఈ కరెంటు గురించే కదా బాబూ కలవరించేవోరు. ఆయన కోరికే తీరుతోంది" అంది. మా అన్నకి ఫోన్ చేశాను. ఎత్తలేదు.

నిన్న లైను మనుషులు తోటలో దిగారు. వచ్చే నెలలో నా టికెట్. పిన్ని ముచ్చటపడి ఎవరిచేతనో ఫోటో తీయించి పంపింది. ఉత్తరపు గట్టు మీద ఆరు మొదళ్ళు, కొత్తగా తెగి ఎర్రగా ఉన్నాయి. ఒకదాని మీద మజ్జిగ బిందె పెట్టుకుని, చెట్లు కొట్టిన వాళ్ళకి పిన్ని నవ్వుతూ గ్లాసులు అందిస్తోంది.